కాల్చిన పది రోజులకు పెచ్చులూడుతున్న కుండలు: లోపం మట్టిదా, చలిదా?

మట్టిచేతులు (కడప), నవంబరు 21, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను కడపలో లలితకళలు చదువుతున్న మూడో సంవత్సరం విద్యార్థినిని. ఈ విడత మాకు కుండల పనినీ ఫొటోగ్రఫీనీ కలిపి ఒకే ప్రాజెక్టుగా ఇచ్చారు. చేసిన పాత్రలను డిసెంబరు 16న ప్రదర్శనలో పెట్టాలి. మట్టి తవ్విన రోజు నుంచి కాల్చిన రోజు వరకు తీసిన ఫొటోలను వాటి వెనుక గోడకు తగిలించాలి. సగం పని బాగానే సాగింది. మిగిలిన సగం గురించే అడుగుతున్నాను.

అక్టోబరు చివరలో కమలాపురం వైపున్న మా స్నేహితురాలి ఊరికి వెళ్లి, చెరువు అంచున తవ్విన నల్లమట్టిని రెండు గోనెసంచుల్లో తెచ్చుకున్నాను. దానిలో కొంత ఎర్రమట్టి కలిపి, నానబెట్టి, కంటికి కనిపించిన రాళ్లనూ వేర్లనూ చేత్తో ఏరేసి, తొక్కి, సారె మీద 23 పాత్రలు చేశాను. చిన్న కూజాలు, మూకుళ్లు, సంగటి తినడానికి పనికొచ్చే వెడల్పాటి గిన్నెలు. ముసురు పట్టడంతో అవి ఆరడానికి తొమ్మిది రోజులు పట్టింది. వేసవిలో అయితే మూడు రోజులు చాలేవి. నవంబరు 8న మా కరెంటు బట్టీలో 950 డిగ్రీల వరకు కాల్చి, చల్లారాక 10వ తేదీ ఉదయం తలుపు తీశాను. ఒక్కటి కూడా పగల్లేదు. వేలితో మీటితే కంచుగిన్నెల్లా మోగాయి. ఆ సంతోషంలో అన్నింటికీ ఫొటోలు తీసి, పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టాను.

నిన్న బయటికి తీస్తే ఐదింటి మీద కందిబద్దంత పెచ్చులు ఊడి ఉన్నాయి. ఈ ఉదయం చూస్తే మరో రెండు చెడిపోయాయి. బీరువాలో ఎవరూ వాటిని తాకలేదు. తొందరపడి తడి కుండలను కాల్చావని ఒకరు, చలికి బీటలిచ్చాయని ఇంకొకరు అంటున్నారు. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి అయితే దిష్టి తగిలిందని తేల్చేసింది. అసలు కారణం తెలిస్తే, ఉన్న మూడు వారాల్లో ఏం చేయగలనో ఆలోచించుకుంటాను.

సారెకాడ (అనంతపురం), నవంబరు 21, రాత్రి 10.25

ఇందులో ఆశ్చర్యపోవలసినదేమీ లేదమ్మా. ఇది ముసురులో ఆరబెట్టిన కుండలకు వచ్చే జబ్బే. పైకి తెల్లబడి ఆరినట్టు కనిపించినా గోడ మందంలో, ముఖ్యంగా అడుగున, తేమ మిగిలే ఉంటుంది. నేను పదేళ్లుగా ఇంటి వెనుక రేకుల కొట్టంలో కుండలు చేస్తున్నాను. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆరబెట్టడమే అన్నింటికంటే కష్టమైన పని. పాత్రను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరు ఆవిరవుతూ ఉన్నట్టే లెక్క. బట్టీలో పెట్టాక కూడా 80, 90 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు నిలపకుండా వేడి పెంచితే నీరు ఆవిరై గోడను చీల్చుకొని బయటికి వస్తుంది.

ఇంకొక అనుమానం. మీరు పచ్చి పాత్రలను ఆరబెట్టింది కడప బండల మీదనేనా? మన వైపు ఏ అరుగు చూసినా ఆ నల్లబండే కదా. అది నీటిని పీల్చుకోదు. పైభాగం ఆరి కుంచించుకుపోతుంది, అడుగు మాత్రం తడిగానే ఉండిపోతుంది. ఆ లాగుడుకు అడుగున పగుళ్లు వస్తాయి. గోనెపట్ట పరచి దాని మీద ఆరబెట్టండి.

వెలుగునీడ (కర్నూలు), నవంబరు 21, రాత్రి 10.50

నాకు మట్టి సంగతి తెలియదు, కెమెరా సంగతి కొంత తెలుసు. కారణం వెదికే ముందు ఆధారం చూడడం మంచిది. మీరు 10వ తేదీన తీసిన ఫొటోలు ఉన్నాయంటున్నారు. వాటినీ ఈనాటి ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశారా? పోలిక కుదరాలంటే రెండూ ఒకే విధంగా తీసి ఉండాలి.

ఈ పద్ధతి పాటించండి. తూర్పు కిటికీ పక్కన బల్ల వేసి, పాత్రను పెట్టే చోట సుద్దతో గుర్తు గీయండి. కెమెరాను స్టాండు మీద బిగించి, ఆ మూడు కాళ్ల కిందా గుర్తులు పెట్టండి. వెలుగు పాత్రకు ఎదురుగా కాక పక్కనుంచి, గోడను రాసుకుంటూ పోయేటట్టు పడాలి. అప్పుడే గోరుతో గీరిన గీత కూడా నీడతో సహా కనిపిస్తుంది. ఎదురు వెలుగులో, అంతకంటే ముఖ్యంగా ఫోను ఫ్లాషులో, గుంటలన్నీ చదునుగా అయిపోతాయి. కొలతకోసం పక్కన పది రూపాయల నాణెం పెట్టండి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, ఎవరైనా సరిచూసుకోగలరు.

ఈ పనికి ఇప్పటి రోజులు చాలా అనువైనవి. ఏప్రిల్ చివర మన వైపు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన నిలబడి నీడనే మింగేస్తాడు. ఈ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా అతడు దక్షిణానికి వాలే ఉంటాడు కనుక రోజంతా ఎంతో కొంత పక్కవెలుగు దొరుకుతుంది.

మట్టిచేతులు, నవంబరు 22, రాత్రి 8.15

వెలుగునీడ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఐదున్నరకే లేచి, హాస్టల్లో వేడినీళ్ల వరుసలో నిలబడకుండా నేరుగా పనిగదికి వెళ్లాను. ఈ వారం రోజులుగా తెల్లవారుజామున మట్టి ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కెమెరా మీట నొక్కడమే నయం. ఆరున్నర దాటాక కిటికీలోంచి వెలుగు వచ్చింది. ఏడు గంటల లోపే 23 పాత్రలకూ ఫొటోలు తీయగలిగాను.

చూసినవి ఇవి. 10వ తేదీ ఫొటోలో, ఇప్పుడు పెచ్చు ఊడిన చోటే సన్నటి ఉబ్బు ఉంది. అప్పుడు అది నా వేలిముద్ర అనుకొని వదిలేశాను. ఇప్పుడు అక్కడ గుంట పడింది. ప్రతి గుంట అడుగునా ఆవగింజంత తెల్ల చుక్క ఉంది. ఏడు పాత్రల్లో కలిపి 11 గుంటలు లెక్కపెట్టాను, పదకొండింటిలోనూ ఆ చుక్క కనిపించింది. పెచ్చు ఊడని పాత్రల మీద కూడా పక్కవెలుగులో మూడు నాలుగు చోట్ల సన్నటి ఉబ్బులు కనిపిస్తున్నాయి. అంటే ఇంకా ఊడబోతున్నాయన్నమాట.

సారెకాడ గారూ, ఆరబెట్టింది కడప బండల మీదనే. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. అయితే అడుగున పగుళ్లు లేవు.

నాపరాయి (ఎర్రగుంట్ల), నవంబరు 22, రాత్రి 9.05

తెల్ల చుక్క ఉందని మొదటే చెప్పి ఉంటే ఇంత చర్చ అవసరమయ్యేది కాదు. నేను పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని, కుండలు చేయడం రాదు. కాని ఎర్రగుంట్లలో పుట్టినవాడికి సున్నపురాయి గురించి వేరుగా చెప్పనక్కరలేదు. మా చుట్టూ సిమెంటు కర్మాగారాలు వెలసింది ఆ రాయి కోసమే. జమ్మలమడుగు, కమలాపురం, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో చిన్న చిన్న తెల్లటి సున్నపు గుళికలు ఉండడం రైతులందరికీ తెలుసు. మీ మట్టిలో అవి ఉన్నాయని నా అనుమానం. ఒక తెల్ల చుక్క మీద నిమ్మరసం బొట్టు వేసి బుడగలు వస్తాయేమో చూసి చెప్పండి.

మట్టిచేతులు, నవంబరు 23, ఉదయం 7.30

మాస్టారూ, వంటగదిలో నిమ్మకాయ అడిగి తెచ్చి నాలుగు చుక్కల మీద రసం వేసి భూతద్దంతో చూశాను. బుడగలేమీ రాలేదు.

సారెకాడ, నవంబరు 23, ఉదయం 9.10

నేను చెప్పిందే నిజమైంది. సున్నపురాయి అయితే నిమ్మరసానికి పొంగాలి, పొంగలేదు. పైగా ఆలోచించండి: ఆ వైపు కుమ్మరులు తరతరాలుగా అదే చెరువుల మట్టితో కుండలు చేస్తున్నారు. వాళ్ల కుండలకు పెచ్చులు ఊడుతున్నాయా? ఒకవేళ సున్నమే కారణమైతే, వాళ్ల పిడకల మంట కంటే ఎక్కువ వేడిలో కాల్చిన ఈ అమ్మాయి పాత్రలు ఇంకా గట్టిగా ఉండాలి కదా? వాదన కుదరడం లేదు.

నాపరాయి, నవంబరు 23, ఉదయం 11.45

పొరపాటు నాది. తప్పు పరీక్ష చెప్పాను. నిమ్మరసానికి పొంగేది కాల్చని సున్నపురాయి. అందులో బొగ్గుపులుసు వాయువు బంధించి ఉంటుంది, ఆమ్లం తగిలితే అది బుడగలై వస్తుంది. బట్టీలోకి వెళ్లివచ్చిన చుక్కలో ఆ వాయువు ముందే పోయింది కనుక పొంగడానికి ఏమీ మిగలలేదు. నిమ్మరసం వేయవలసింది సంచిలో మిగిలిన పచ్చిమట్టిలోని తెల్ల గుళికల మీద.

కాల్చిన చుక్కకు వేరే పరీక్ష ఉంది, దానికి ప్రయోగశాల అక్కరలేదు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడడం మన ఇళ్లలో చూడనివారు లేరు. అప్పుడే పెచ్చు ఊడిన గుంటలో తడిపసుపు కొద్దిగా అద్ది చూడండి.

సారెకాడ గారి రెండో ప్రశ్న మాత్రం చాలా మంచిది. జవాబు అందులోనే ఉంది. సున్నపురాయి సుమారు 700 డిగ్రీల దగ్గర విడిపోవడం మొదలుపెడుతుంది, 900 చేరేసరికి పూర్తిగా పొడిసున్నం అయిపోతుంది. అంటే 950 డిగ్రీల దాకా వెళ్లిన ప్రతి కుండా తన గోడలో ఆవగింజంత సున్నపు బట్టీలను మోసుకొని బయటికి వచ్చింది. పొడిసున్నానికి నీటి దాహం ఎక్కువ. బట్టీ తెరిచిన క్షణం నుంచి అది గాలిలోని తేమను నెమ్మదిగా పీల్చి తడిసున్నంగా మారుతూ దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. చుట్టూ ఉన్నది గట్టిగా కాలిన గోడ, సాగదు. కనుక పెచ్చు ఊడి చోటిస్తుంది. ముసురు రోజులు కాబట్టి పది రోజుల్లో బయటపడింది. ఎండాకాలమైతే ఇంకొంత ఆలస్యమయ్యేదేమో. కాబట్టి చలికీ తేమకూ ఇందులో పాత్ర ఉంది, కాని అది ఆరబెట్టేటప్పటి తేమ కాదు, కాల్చిన తరువాతి తేమ.

గోపవరం (బద్వేలు), నవంబరు 23, మధ్యాహ్నం 3.20

మాది కుమ్మరి ఇల్లు. నేను వేరే ఉద్యోగంలో ఉన్నాను గాని మా అబ్బ చివరిదాకా సారె వదల్లేదు. కవయిత్రి మొల్ల మా ఊరి కుమ్మరుల ఆడపడుచేనని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. ఆ చెరువుమట్టి కుండలు కుమ్మరి చేతిలో ఎందుకు నిలుస్తాయని అడిగారు కనుక చెబుతాను.

మా అబ్బ మట్టిని చేత్తో ఏరడంతో సరిపెట్టుకునేవాడు కాదు. గుంటలో నానబెట్టి, ఇంకా నీళ్లు పోసి, మజ్జిగ అంత పలుచగా కలిపి, కొంతసేపు కదపకుండా వదిలేవాడు. బరువైనవన్నీ అడుగుకు దిగేవి. పైనున్న మట్టినీళ్లను పాత పంచెలో వడగట్టి ఇంకొక గుంటలోకి వంచేవాడు. అడుగున మిగిలిన రవ్వను ఎంత మట్టి కరువున్నా వాడేవాడు కాదు. అది ఇంటి ముందు దారిలో పోసేవాళ్లం. నీరు ఇంకి మట్టి ముద్దకు వచ్చాక జల్లించిన బూడిద కలిపి తొక్కేవాళ్లు. చిన్నప్పుడు ఆ తొక్కుడు పని మాదే. కార్తీకమాసంలో తెల్లారకముందే ఆ చల్లటి బురదలో దిగడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఆవం సంగతి. కుండలు పేర్చి, మధ్య మధ్య పిడకలు పెట్టి, శనక్కాయ పొట్టు పోసి, పైన గడ్డి కప్పి బురద మెత్తేవాళ్లం. రాత్రంతా పొగ వచ్చేది. ఎంత వేడి అని ఎవరూ కొలవలేదు. మాస్టారు చెప్పిన లెక్క ప్రకారం అది మీ కరెంటు బట్టీ అంత ఎత్తుకు వెళ్లి ఉండదు, వెళ్లినా ఎక్కువసేపు నిలిచి ఉండదు. వడగట్టుడు తప్పించుకున్న ఒకటీ అరా గుళిక ఉన్నా అది రాయిగానే మిగిలిపోయేది కాబోలు. అమ్మాయి కుండలు మెత్తటి మంటలో కాలి ఉంటే ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉండేవేమో! మీ మిషను మంచిదవడమే ఇక్కడ కొంప ముంచింది.

మట్టిచేతులు, నవంబరు 24, రాత్రి 9.30

పసుపు ఎర్రబడింది! కొత్తగా ఊడిన రెండు గుంటల్లోనూ తడిపసుపు అద్దగానే పారాణి రంగు తేలింది. పాత గుంటల్లో కొంచెం తక్కువగా ఎర్రబడింది. సంచి అడుగున మిగిలిన మట్టిని చిదిమితే తెల్లగుళికలు దొరికాయి. వాటి మీద నిమ్మరసం వేస్తే సోడాలా పొంగింది. రెండింటికీ దగ్గరినుంచి ఫొటోలు తీశాను. ఈ ప్రాజెక్టులో ఇప్పటివరకు నేను తీసిన వాటిలో నాకు నచ్చిన ఫొటో ఆ ఎర్ర చుక్కదే.

ఆదివారం కావడంతో ఈ రోజు ఊరి బయట ఒక కుమ్మరి పెద్దాయన ఇంటికి వెళ్లివచ్చాను. కార్తీకం కనుక ఇంటి ముందంతా ప్రమిదలు ఆరబెట్టి ఉన్నాయి. ఒక పక్క పెళ్లివాళ్లు చెప్పిన అరివేణి కుండలకు సున్నం పూసి, జాజు చారలు గీస్తున్నారు. గోపవరం గారు చెప్పిన పద్ధతే ఆయనదీ. నా మట్టిముద్దను అరచేతిలో నలిపి, నాలుక కొసకు తగిలించి, ఉమ్మేసి, "ఇది ఇల్లు అలకడానికి పనికొస్తుంది" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఫొటోలు మాత్రం సరిగ్గా రాలేదు. కొట్టంలో చీకటి. కర్రతో తిప్పే సారె కనుక మొదట వేగంగా తిరిగి, తరువాత మెల్లబడుతుంది. కొన్ని ఫొటోల్లో చేతులు చెదిరాయి; మిగతా వాటిలో సారె ఆగిపోయినట్టు ఉంది. నల్లకుండలు అన్నీ బూడిద రంగులో వచ్చాయి.

వెలుగునీడ, నవంబరు 25, ఉదయం 7.15

ముందు నల్లకుండల సంగతి. కెమెరాకు అది కుండ అని తెలియదు. ఎదుట ఏముంటే అది సగటున బూడిద రంగు అయి ఉంటుందనే లెక్కతో వెలుగు నిర్ణయిస్తుంది. నల్లటి వస్తువు నిండుగా కనిపిస్తే చీకటి అనుకొని వెలుగు పెంచేస్తుంది. మీరు ఎక్స్‌పోజరును, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒకటి, ఒకటిన్నర స్టాపులు (మెట్లు) తగ్గించండి, కుండ నల్లగా వస్తుంది. సున్నం పూసిన అరివేణి కుండలకు దీనికి సరిగ్గా ఎదురు చేయాలి, లేకపోతే తెలుపు మాసిపోతుంది. వెనుక తెల్ల కాగితం పెట్టే అలవాటు మానుకోండి. ఆరబెట్టడానికి పనికిరాని ఆ కడప బండ ఫొటోకు మాత్రం చక్కటి నేపథ్యం. నూనె తుడవని మొరటు వైపు వాడండి, మెరుపు రాదు.

సారె తిరుగుతున్నట్టూ చేయి నిలకడగానూ రావాలంటే షట్టరు వేగం సెకనులో ఎనిమిదో వంతు దగ్గర పెట్టి, కెమెరాను స్టాండు మీద ఉంచి, ఆయన మట్టిని పైకి లాగుతూ ఒక్క క్షణం చేయి నిలిపే వేళ కోసం కాచుకోండి. ఆ క్షణం ప్రతి కుండకూ వస్తుంది. పది కుండలు చూస్తే ఎప్పుడు వస్తుందో మీకే తెలుస్తుంది. బురద చిమ్మడం ఆగినట్టు కావాలంటే 250వ వంతు కావాలి. దానికి ఆ కొట్టంలో వెలుగు చాలదు, బయట పెట్టిన సారె దగ్గరే సాధ్యం.

అడగకపోయినా ఒక మాట. కార్తీకంలో వాళ్లకు క్షణం తీరిక ఉండదు. కెమెరా పట్టుకొని వెళ్లి "ఇటు చూడండి, మళ్లీ ఒకసారి చేయండి" అని పని ఆపించేవాళ్లను నేను చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ చేశాను. ముందు ఫొటోకు ఒప్పుకుంటారో లేదో అడగండి, గోడ మీద పెడతానని చెప్పండి, పెద్ద సైజు అచ్చు వేయించి తీసుకువెళ్లి ఇవ్వండి. ఫోనులో పంపిస్తానంటే సరిపోదు.

సారెకాడ, నవంబరు 25, ఉదయం 10.00

పసుపు ఎర్రబడ్డాక నేను వాదించడానికి ఏమీ లేదు. నిజానికి తడి కుండ పగిలితే బట్టీలోనే పగులుతుంది, పది రోజులు ఆగి బీరువాలో పగలదు. ఈ చిన్న విషయం నాకు మొదటే తట్టి ఉండవలసింది. నేను కొట్టులో దొరికే జల్లించిన మట్టి కొని వాడతాను. ఈ గుళికల బాధ నాకు ఎదురుకాలేదు, అందుకే తెలిసిన జబ్బునే అంటగట్టాను.

ఇప్పుడు చేయవలసినది చెబుతాను. ఇత్తడి జల్లెడ 60 నంబరుది తెచ్చుకోండి. దాని కన్ను పావు మిల్లీమీటరు. మట్టిని పలుచగా కలిపి దానిలో వడగట్టండి. అంతకంటే సన్నటి సున్నపు పొడి మిగిలినా అది గోడను ఊడగొట్టలేదు. ఇప్పటికే చేసినవీ జల్లించని మట్టితో చేయబోయేవీ ఉంటే, బట్టీ తెరవగానే ఇంకా గోరువెచ్చగా ఉండగా నీళ్లతొట్టిలో పూర్తిగా ముంచండి. ఇటుకలకు ఇలా చేస్తారని విన్నాను. తేమ కొద్దికొద్దిగా తగిలితే సున్నం ఉబ్బుతుంది. ఒక్కసారిగా నీళ్లు నిండితే మెత్తబడి రంధ్రాల్లోకి జారుతుందట. అన్నీ దక్కుతాయని హామీ ఇవ్వలేను.

పాత విద్యార్థి (కడప), నవంబరు 25, రాత్రి 11.10

మేము చదువుకునే రోజుల్లో బొమ్మలు నేర్చుకోవాలంటే కడప వదిలి హైదరాబాదుకో విశాఖపట్నానికో పోవలసి వచ్చేది. లలితకళల విశ్వవిద్యాలయం ఇక్కడికి వచ్చింది 2020లో. అందుకే ఈ ఊరి మట్టి మీద ఈ ఊళ్లోనే ఇంత చర్చ జరగడం చూస్తే అసూయగా ఉంది.

నాదొక సూచన. ఊడిపోయిన ఏడింటినీ దాచకండి. మీరు కొత్త పాత్రలు చేసి పాతవాటిని చెత్తలో పోస్తే, గోడ మీద ఫొటోలు అన్నీ ఒక మంచి కుండ ఎలా తయారైందో చెబుతాయి. అలాంటివి ప్రతి ఏటా పది వస్తాయి. మంచి కుండ అనుకున్నది పది రోజుల్లో ఎలా చెడిందో రోజుకొక ఫొటోగా చూపించినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. మార్కులు ఇచ్చేవారు ఏమంటారో చెప్పలేను. మా కాలంలో అయితే పగిలిన వస్తువు బల్ల మీద పెడితే ముందు తిట్టి, తరువాత కారణం అడిగేవారు.

గోపవరం, నవంబరు 26, ఉదయం 8.40

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు. ఇక్కడ గుదియ కూడా అక్కరలేకపోయింది. పాత విద్యార్థి గారి మాట నాకు నచ్చింది గాని, మా అబ్బ ఉంటే చెడిన కుండను నలుగురికీ చూపించడానికి ఒప్పుకునేవాడు కాదు. ఆవం దించగానే పగిలినవాటిని ఎవరూ చూడకముందే పెరట్లో పోసేవాడు. కుమ్మరికి అది పరువు. విద్యార్థులకు వేరే లెక్క ఉండవచ్చు. ఆ పెద్దాయన ఫొటోలను ఈ చెడిన కుండల పక్కన తగిలించేటట్టయితే మాత్రం, అవి ఆయన చేసినవి కావని చూసేవాళ్లకు స్పష్టంగా తెలిసేలా రాయండి.

మట్టిచేతులు, నవంబరు 26, రాత్రి 9.50

గోపవరం గారూ, మీరు చెప్పకపోతే నాకు ఈ విషయం తట్టేది కాదు. ఆయన ఫొటోలకు వేరే గోడ తీసుకుంటాను.

మట్టిచేతులు, డిసెంబరు 14, సాయంత్రం 6.30

ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. ఈ మధ్యలో జరిగినది వరుసగా చెబుతాను.

అదే మట్టిని పలుచగా కలిపి, 60 నంబరు జల్లెడలో రెండుసార్లు వడగట్టాను. రెండు బకెట్ల మట్టినీళ్లకు జల్లెడలో దోసెడు రవ్వ మిగిలింది. సగానికి పైగా తెల్లగుళికలే. నవంబరు 27, 28 తేదీల్లో 12 పాత్రలు చేశాను. జల్లించకుండా పక్కన పెట్టిన మట్టితో కావాలనే ఇంకో నాలుగు చేశాను. ఈసారి గోనెపట్ట మీద, రాత్రిళ్లు పాత దుప్పటి కప్పి ఆరబెట్టాను. రోజూ పొద్దున అన్నింటినీ చెంపకు ఆనించి చూడడం అలవాటైంది. ఒకరోజు బుగ్గకు మట్టి అంటుకొనే క్లాసుకు వెళ్లాను. డిసెంబరు 6న కాల్చాను. 90 డిగ్రీల దగ్గర ఐదు గంటలు నిలిపి, తరువాత మునుపటిలాగే 950 వరకు తీసుకువెళ్లాను. వేడి తగ్గించి కాల్చితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది గాని బట్టీకి నా వంతు మళ్లీ ఈ నెలలో రాదు.

8వ తేదీ ఉదయం తెరిచాను. జల్లించిన 12 పాత్రలు ఈ రోజుకు ఆరు రోజులుగా చెక్కుచెదరలేదు, పక్కవెలుగులో ఉబ్బులూ కనిపించలేదు. జల్లించని నాలుగింటినీ గోరువెచ్చగా ఉండగానే తొట్టిలో ముంచాను. బుస్సుమని చాలాసేపు బుడగలు వచ్చాయి. ఒకటి సాయంత్రానికే రెండు చోట్ల ఊడింది, మూడు నిలిచాయి. సారెకాడ గారి మాట చాలావరకు నిజమైంది. నాలుగు పాత్రలు చూసి తీర్పు చెప్పకూడదని మాస్టారు అంటారని తెలుసు, కనుక నేనూ చెప్పడం లేదు.

పెద్దాయన ఇంటికి మూడుసార్లు వెళ్లాను. ఎనిమిదో వంతు వేగంతో తీసిన వాటిలో రెండు కుదిరాయి: సారె పొగలా ఉంది, వేళ్ల మీది బురద గీతలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. అచ్చు వేయించి ఇస్తే ఆయన ఫొటోను కాక ఫొటోలో వెనుకనున్న గోడను చూసి, "ఆ మూల కురుస్తోంది, నేను గమనించనే లేదు" అన్నారు. వాళ్ల జేజి మాత్రం దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టించింది.

మొదటి విడతలో అన్నింటికంటే ఎక్కువ పెచ్చులూడిన కూజాను నవంబరు 22 నుంచి మొన్నటి వరకు రెండు రోజులకొకసారి అదే సుద్దగుర్తు మీద పెట్టి, అదే కిటికీ వెలుగులో తీస్తూ వచ్చాను. 11 ఫొటోలు అయ్యాయి. కడప బండ మీద ఆ కూజాను పెట్టి, వెనుక గోడకు 11 ఫొటోలనూ వరుసగా తగిలిస్తాను. పక్కన ఒక గిన్నెలో వడగట్టిన తెల్లగుళికలు, ఇంకో గిన్నెలో పసుపు. కావాలనుకున్నవాళ్లు అద్ది చూసుకోవచ్చు.

నాపరాయి, డిసెంబరు 14, రాత్రి 8.00

నాలుగు పాత్రలు చూసి తీర్పు చెప్పకూడదు. 16న వస్తాను. ఎర్రగుంట్ల నుంచి కడపకు ఎంత దూరం గనుక. పసుపు గిన్నె పక్కన చేయి కడుక్కోవడానికి నీళ్లు కూడా పెట్టండి.

మట్టిచేతులు, డిసెంబరు 16, ఉదయం 7.20

మాస్టారూ, నీళ్లు పెట్టాను. కాని చిన్న ఇబ్బంది వచ్చింది. నిన్న రాత్రి కూజాను బండ మీద పెట్టి వెళ్లాను. పొద్దున వచ్చి చూస్తే మెడ దగ్గర ఇంకో పెచ్చు ఊడి బండ మీద పడి ఉంది. ఆ పెచ్చును అక్కడే వదిలేసి పన్నెండో ఫొటో తీశాను. దాన్ని అచ్చు వేయించాలి. ప్రదర్శన పదకొండింటికి, ఏడు రోడ్ల కూడలి దగ్గరున్న ఫొటో దుకాణమేమో పదింటికి గాని తెరవరు. మీరు అటుగా వస్తుంటే బస్సు దిగాక నాకు కబురు చేయండి, ఇద్దరం కలిసి వద్దాం.